తేజాబు పెట్టె నెత్తిన పెట్టుకొని పాలమూరు దాకా

పాలమూరు ఎట్లా ఉంటుందో చెప్పు, చెప్పు అని మా వాడకట్టు ఆడవాళ్లు నన్ను పీక్కు తింటున్నారు. ఒకామెకు రైలు సంగతి కావాలి, ఇంకొకామెకు లంబాడీల సంగతి కావాలి, మా అత్తకు నా చీర చెంగు ఎందుకు సగమే ఉందో కావాలి. నాది మొదలే బొంగురు గొంతు. చెప్పి చెప్పి ఇప్పుడు అది కూడా పోయేటట్టుంది. అందుకే అంతా ఒక్కసారే చెప్పేస్తున్నాను, పక్కింటి సత్తెమ్మ బిడ్డ రాస్తున్నది. నాకు పేరు రాయడం వచ్చుగాని ఇంత రాయాలంటే వచ్చే దసరా అవుతుంది.

ఇది పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, దసరా దాటిన వారానికి మొదలైంది.

చిట్యాల: తెగిన కల్వర్టు

నేను చిట్యాలలో బస్సులు ఆగే దగ్గర చల్ల అమ్ముతాను. ఆ రోజుల్లో మిలిటరీ బండ్లు రాకుండా కల్వర్టును కమ్యూనిస్టు సంగం వాళ్లు తవ్వేశారు. హైదరాబాదు బస్సు అవతలే ఆగేది. జనం ఒక పలక మీదుగా దాటి ఇవతలి బస్సు ఎక్కాలి. నేను నెత్తిన రెండు కుండలతో ఆ పలక మీద పొద్దంతా తిరిగేదాన్ని.

ఆ రోజు అవతలి ఒడ్డున ఒక తెల్లగడ్డం సాబ్ చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక తోలుపెట్టెను పొట్టకు హత్తుకొని నిలబడి ఉన్నాడు. ఆయన ముందు హమాలీ ఒకడు తన ధోవతి చూపించి లొల్లి చేస్తున్నాడు. ధోవతి నిండా చిల్లులే. "నీ పెట్టె నువ్వే మోసుకో సాబ్!" అని ఇంకో పెట్టెను అక్కడే దించి వెళ్లిపోయాడు.

సాబ్ నన్ను చూశాడు.

"ఓ చల్లమ్మా! పొద్దటిసంది సూస్తున్న. ఆ పలక మీద ఒక్క సుక్క కింద పడనియ్యలే నువ్వు."

"పడితే ఇంట్ల మా అత్త ఊకుంటదా సాబ్? చల్ల కావాల్నా?"

"చల్ల కాదు, నీ నెత్తి కావాలె. ఈ పెట్టెల గాజు బ్యాటరీ ఉన్నది. లోపల తేజాబ్. ఒలికితే బట్ట కాలుతది, తోలు ఊడుతది. కూలి మంచిగిస్త. నల్గొండ, దేవరకొండ, ఆఖరుకు పాలమూరు."

పాలమూరు అనగానే నా గుండె ఎగిరింది. మా తమ్ముడు వీరాచారి పాలమూరులోనే ఉన్నాడు. మాది వడ్ల ఇల్లు, వడ్రంగమే మా పని. మా బాపు దర్వాజలు చేసేవాడు, తమ్ముడు ఇనుము, రాగి పని నేర్చాడు. మా ఊళ్లో వయసు మగవాడు కనబడితే చాలు, సంగం మనిషని మిలిటరీ పట్టుకుపోతున్న కాలం. వాడు తప్పించుకొని పాలమూరు పోయి కొత్త కరెంటు యార్డులో మిస్త్రిగా కుదిరాడు. చూసి రెండేళ్లయింది. ఆ పని ఉన్నన్నాళ్లే వాడికి అక్కడ జాగా. పని పోతే తిరిగి ఊరే దిక్కు, ఊరొస్తే మిలిటరీ క్యాంపే దిక్కు.

"పాలమూరుల ఏం పని సాబ్?" అన్నాను.

"కరెంటు యార్డుల రాగి పట్టీల అతుకులు సూడాలె."

తమ్ముడి మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అక్కడి మిస్త్రి మా తమ్ముడే అని చెబితే తీసుకుపోడేమోనని భయం.

ఇంటికొచ్చి చెబితే మా అత్త రొమ్ము గుద్దుకుంది. "మొగుడు పోయినదానివి, తురక సాబ్ ఎంబడి దేశాలు తిరిగితే లోకం ఏమంటదే?"

"గీ లోకమే గదా అత్తా, నా దగ్గర చల్ల ఉద్దెర తాగి మల్ల మొకం సూపియ్యంది!" అని మూట కట్టుకున్నాను.

నల్గొండ: సూది చెప్పే మాట

బొగ్గు బస్సు ఎప్పుడైనా ఎక్కారా? దానికి వెనక ఒక పొయ్యి ఉంటుంది. క్లీనర్ దాని పిడి తిప్పి తిప్పి మసిబారిపోతాడు. ఎత్తు వస్తే అందరూ దిగి తొయ్యాలి. పైసలిచ్చి ఎక్కేది మనం, తోసేది మనమే! నేను మాత్రం దిగలేదు. పెట్టె ఒళ్లో ఉంది గదా. రాణిలాగా కూర్చున్నాను.

నల్గొండలో సాబ్, ఆయన పేరు గఫూర్, నాకు చాయ్ తాగించాడు. అర్ధణా. సాసరులో పోసుకొని ఊది తాగాలట. అంత పైసకు నేను పెద్ద లోటా నిండా చల్ల పోస్తాను, పైన ఉప్పు కూడా వేస్తాను. అయినా బాగుంది, అబద్ధమెందుకు.

అక్కడ ఒక మిల్లు ఇంజను గదిలో సాబ్ పని మొదటిసారి చూశాను. అరచెయ్యంత వెడల్పు రాగి పట్టీలు, ఒకదాని కొసమీద ఇంకొకదాని కొస పెట్టి బోల్టులతో బిగించారు. అదే అతుకు. కరెంటు దానిమీదుగా దాటాలి. సాబ్ నా పెట్టెకూ తన పెట్టెకూ తీగలు కలిపాడు. ముందు అతుకు లేని చోట పట్టీకి రెండు పక్కలా కొక్కేలు పెట్టాడు. తోలుపెట్టెలో అద్దం కింద సూది కొంచెం కదిలి ఆగింది. తర్వాత అతుకుకు ఇటొకటి, అటొకటి పెట్టాడు.

"సూది రెండుకాడ్ల ఒక్కతీరు నిలబడితే అతుకు మంచిది. పక్కకు ఉరికిందనుకో, లోపల అడ్డమున్నట్టు," అన్నాడు.

"పైకి మంచిగనే మెరుస్తున్నది గద సాబ్?"

"కాలువల మట్టి ఏడ కూసున్నదో ఒడ్డు మీద నిలబడితే తెలుస్తదా బేటీ? కొస పొలానికి నీళ్లు అందకపోతే తెలుస్తది. ఇది గట్లనే. కాకపోతే కరెంటు అడ్డమొచ్చినకాడ ఊకుండదు. వేడి పుట్టిస్తది. బోల్టు ఎర్రగ కాలుతది, రాగి కరుగుతది, పక్కన మనిషి ఉంటే మనిషి గూడ."

 నా నెత్తిమీది నీళ్లకు ఇంత కథ ఉందా! కాసేపు నేనే ఇంజనీరునన్నట్టు తిరిగాను. ఆ గదిలో ఒక అతుకు దగ్గర సూది ఉరికింది. మిల్లు మిస్త్రి పానా పెట్టి రెండు చుట్లు బిగించేసరికి వెనక్కి వచ్చింది. అంతే, అందరూ నవ్వారు.

"పాలమూరుల గూడ గిట్ల బిగిస్తే అయిపోతది గద సాబ్?" అన్నాను, ఊరికే అడిగినట్టు.

"ఆ యార్డు గుత్తేదారు ఈ మిల్లోళ్ల లెక్క గాదు. ఒక్క అతుకు తప్పినా మిస్త్రిని ఆ రోజే పంపిస్తనని గుమాస్తాతోని చెప్పి పంపిండు. ఇంకోణ్ని తయారు పెట్టుకున్నడంట."

ఆ మిస్త్రి మా వీరాచారే.

దేవరకొండ దారి: చీర చెంగు కాలిన సంగతి

దేవరకొండ దారిలో బస్సు లేదు. ఎడ్లబండి కిరాయికి మాట్లాడుకున్నాం. రాళ్ల దారిలో నేను మాత్రం పెట్టె నెత్తిన పెట్టుకొని బండి పక్కనే నడిచాను. బండిలో పెడితే చల్ల చిలికినట్టే.

ఒక మలుపులో మిలిటరీ వాళ్లు తుపాకులు అడ్డం పెట్టారు. నైజాం కాలంలో విన్న ఉర్దూ పుణ్యాన వాళ్ల మాట నాకు సగం తెలుస్తుంది. సాబ్ గడ్డం చూసి ఒకడు "రజాకార్?" అన్నాడు. సాబ్ మొహం తెల్లబోయింది.

నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో! "రజాకార్ గింత ముసలోడు ఉంటడా అయ్యా? పది అడుగులేస్తే ఆయాసమొస్తది, ఈయనేం తుపాకి పడ్తడు?"

"ముసలోడు ఎవరు?" అన్నాడు సాబ్, ఆ కష్టంలో కూడా.

తర్వాత నా పెట్టె మీద పడ్డారు. మూత తీసి గాజులో నీళ్లు చూశారు. ఒక మీసాల సిపాయి కళ్లు మెరిశాయి. సారా అనుకున్నాడు! వేలు ముంచబోయాడు. నేను కేక పెట్టాను. ఆ కేకకు ఎడ్లు బెదిరాయి. వాడు వినడంలేదు. సాబ్ జేబులోంచి గాజు గొట్టం తీసి ఒకే ఒక్క చుక్క పీల్చాడు, ఎక్కడ వెయ్యాలా అని చూస్తున్నాడు. నా చెంగు ముందుకు పెట్టాను. చూస్తుండగానే బట్ట నల్లబడి చిల్లు పడింది. మీసాలాయన వేలును వెనక్కి తీసుకొని దానికేసి చాలాసేపు చూసుకున్నాడు. మిగతా సిపాయిలు పొట్ట పట్టుకొని నవ్వారు. మమ్మల్ని పొమ్మన్నారు.

అర కోసు దూరం పోయాక సాబ్ అన్నాడు: "చీర నేను కొనిస్త."

"చీర సంగతి తర్వాత. ముసలోడన్నందుకు కోపం పోయిందా?"

"పోలే," అన్నాడు.

దేవరకొండ: తాండాలో ఒక పూట

దేవరకొండలో పని తొందరగా అయింది. అక్కడి అతుకులన్నీ బాగున్నాయి. పొద్దుగూకేలోపు ఊరి బయట తాండా దగ్గర ఆగాం. గోమ్లీ అని ఒకామె మాకు జొన్న రొట్టె, పచ్చిమిరపకాయల కారం పెట్టింది. మా రొట్టెలకంటే రెండింతలు మందం, కానీ మెత్తగా ఉన్నాయి. వేడినీళ్లతో పిండి తడుపుతుందట. ఇంటికొచ్చాక నేనూ అట్లాగే చేస్తున్నాను.

ఆమె రవికె నిండా అద్దాలు. కదిలితే గోడమీద వెలుగులు ఆడతాయి. నా బోసి చేతులు పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మొగుడు లేడా? మా తాండల మల్ల మనువు చేస్తరు. నీకు ఎవలు దొరకలేదా?" అని, కళ్లతో సాబ్ వైపు చూపించి, "గీ ముసలోడేనా?"

"తోబా! తోబా!" అని సాబ్ రొట్టె పట్టుకొని చెట్టు అవతలికి పోయి కూర్చున్నాడు. నేనూ గోమ్లీ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. మొగుడు పోయిన తర్వాత నేను అట్లా నవ్వడం అదే మొదలు.

డిండి వాగు

మరునాడు డిండి వాగు. నీళ్లు మోకాళ్లదాకా ఉన్నాయి, అడుగున రాళ్లకు పాచి. సాబ్ తోలుపెట్టెను నెత్తిన పెట్టుకొని ముందు దాటి అవతల నిలబడ్డాడు.

దాచడమెందుకు, చెప్పేస్తాను. నడి వాగులో నాకు ఒక ఆలోచన వచ్చింది. కాలు జారితే? పాచి కదా, ఎవరు తప్పు పడతారు? గాజు పగులుతుంది, తేజాబు వాగులో కలుస్తుంది, పరీక్ష ఉండదు. తమ్ముడి పని నిలుస్తుంది. అక్కడే ఆగిపోయాను. నీళ్లు కాళ్లను నెడుతున్నాయి.

అవతలినుంచి సాబ్ ఒక్క మాట కూడా అనలేదు. జాగ్రత్త అని కూడా అనలేదు. అంత నమ్మకం. నాకు మిల్లు గదిలో విన్న మాట యాదికొచ్చింది: పక్కన మనిషి ఉంటే మనిషి గూడ. ఆ యార్డులో అతుకుల పక్కన నిలబడే మనిషి ఎవరు? మా వీరాచారే కదా! దాటేశాను. ఒక్క చుక్క పడలేదు.

జడ్చర్ల: సీతాఫలాలు, రైలు

కల్వకుర్తి దాటి జడ్చర్ల వచ్చేసరికి దారంతా సీతాఫలాల గంపలే. అణాకు డజను! మా దగ్గర గుట్టమీద కోసుకొని తింటామే తప్ప కొనేవాళ్లు లేరు. ఇక్కడ రైలెక్కి హైదరాబాదు పోతాయట. చెలకల్లో పల్లికాయ పీకుతున్న ఆడవాళ్లు పిలిచి కొంగు నిండా పోశారు, పైస తీసుకోలేదు. మట్టి పనికి దేశాలు పోయే పాలమూరు కూలీలు గంపలు, పారలతో రైలు కోసం కూర్చున్నారు. మా బండి దిగినది మొదలు వాళ్లందరి చూపూ నా పెట్టెమీదే. "ఏం దేవుడమ్మా అండ్ల?" అంది ఒక ముసలమ్మ. "కరెంటు దేవుడు," అన్నాను. దండం పెట్టింది!

ఇక రైలు. ఏమని చెప్పను? బస్సులాగా తొయ్యనక్కరలేదు. అది కదులుతుంటే చెట్లే వెనక్కి ఉరికాయి. నేను కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాను. కంట్లో బొగ్గు నలుసు పడింది. అయినా తల లోపలికి తీయలేదు. పాలమూరు అంత తొందరగా వచ్చినందుకు రైలు మీద కోపమొచ్చింది.

పాలమూరు: మొదట కట్టిన అతుకు

ఊరి బయట మొరం నేలమీద యార్డు. ఇనుప స్తంభాలు, పైన పింగాణీ గిన్నెలు బోర్లించినట్టు వరసలు, వాటిమీద ఎండకు మెరిసే రాగి పట్టీలు. అక్కడినుంచే ఊళ్లో దవాఖానకు తీగలు పోతాయట. ఇంకా కరెంటు ఇవ్వలేదు.

నిచ్చెన మీదినుంచి మా తమ్ముడు దిగాడు. పెట్టె కింద నా మొహం చూసి "అక్..." అన్నాడు. నేను కళ్లతో వద్దన్నాను. నోరు మూసుకున్నాడు. చిక్కిపోయాడు. రెండేళ్ల తర్వాత తమ్ముణ్ని చూసి పలకరించకుండా నిలబడటం ఎంత కష్టమో తోబుట్టువులున్నవాళ్లకు తెలుస్తుంది.

సాబ్ పని మొదలుపెట్టాడు. ఒకటి బాగుంది. రెండోది బాగుంది. గుత్తేదారు గుమాస్తా గొడుగు పట్టుకొని వెనకే తిరుగుతున్నాడు. పది దాటాయి, ఇరవై అయ్యాయి. సూది ఎక్కడా ఉరకలేదు. నాకు గంతులెయ్యాలని ఉంది, కానీ పెట్టె ఉంది!

"గిదొక్కటే మిగిలింది సాబ్. నేను మొట్టమొదలు కట్టిన అతుకు," అన్నాడు తమ్ముడు సంబరంగా.

కొక్కేలు పెట్టారు. సూది ఒక్క ఉరుకు ఉరికి అద్దం అవతలి కొసకు పోయి కొట్టుకుంది.

సాబ్ కొక్కేలు తుడిచి మళ్లీ పెట్టాడు. సూది మళ్లీ అంతే. తమ్ముడు పానా పెట్టి బిగించాడు, నరాలు ఉబ్బేదాకా. సూది కొంచెం కూడా జరగలేదు.

"మూట సర్దుకో వీరాచారీ," అన్నాడు గుమాస్తా, చాయ్ తీసుకురా అన్నంత సులువుగా.

తమ్ముడు నేలచూపులు చూస్తున్నాడు. నాకు మాత్రం ఒకటే మాట తిరుగుతున్నది: మొట్టమొదలు కట్టిన అతుకు. మా బాపు ఏ దర్వాజ నిలబెట్టినా వాకిలి కడప కింద గుంతలో పసుపు కుంకుమ పెట్టకుండా నిలబెట్టలేదు. పైన పెడితే తొక్కుళ్లకు పోతుంది, లోపల పెడితే ఇల్లున్నన్నాళ్లు ఉంటుంది అనేవాడు. తమ్ముడు ఆ చేతికిందనే పెరిగాడు.

పెట్టె దించాను. "తమ్మీ! లోపల పెట్టినవా?"

అందరూ నా వైపు తిరిగారు.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెట్టిన అక్కా. మంచి నూనెల కలిపి పెట్టిన. బయట పెడితే వానకు కారిపోతదని..."

"ఏం పెట్టిండు?" అన్నాడు సాబ్.

"పసుపు, కుంకుమ సాబ్. రెండు పట్టీల నడుమ. మొదటి పని గదా, మంచిగ జరగాల్నని."

సాబ్ ఒక నిమిషం ఆకాశం దిక్కు చూశాడు. తర్వాత గడ్డం ఊగిపోయేటట్టు నవ్వడం మొదలుపెట్టాడు. గుమాస్తా నవ్వలేదు. "ఏం పెడితే ఏంది? అతుకు తప్పింది. మాట మాటే."

నా బొంగురు గొంతు అప్పుడు పనికొచ్చింది. "పని రానోడైతే తక్కిన ఇరవై ఎట్ల నిలబడ్డయి గుమాస్తా? మీరు ఇల్లు కడితే కడప కింద ఏం పెట్టలేదా? గుండె మీద చెయ్యేసుకొని చెప్పుండ్రి!"

గుమాస్తా గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"కాగితం రాసేది నేను," అన్నాడు సాబ్. "ఇంక రాయలే. విప్పు, గీకు, మల్ల కట్టు. అప్పుడు సూది ఏం జెప్తే అదే రాస్త."

బోల్టులు విప్పారు. పట్టీలు విడదీస్తే లోపల ఎండిన పసుపు, జిడ్డుగా, మా పాత ఇంటి కడప కింద ఉన్నట్టే. తమ్ముడు ఆకురాయితో గీకాడు, రాగి ఎర్రగా తేలింది. తుడవడానికి చెయ్యి పెట్టబోతే సాబ్ కేకేశాడు: "నీ వేళ్లు సూస్కో!" పొద్దున నిచ్చెనకు పెట్టిన పసుపు ఇంకా వాడి వేళ్లకు ఉంది. అక్కడున్న కూలీల చేతులూ అంతే. పూజ చేయకుండా పనిలోకి దిగేవాళ్లు కారు వాళ్లు.

నేను నా చేతులు చూసుకున్నాను. మొగుడు పోయిన రెండేళ్లుగా పసుపు అంటని చేతులు. కాలిన చెంగు పర్రున చింపి ఆ గుడ్డతో రెండు పట్టీలూ తుడిచాను. ఒకదానిమీద ఒకటి నేనే పెట్టి పట్టుకున్నాను. తమ్ముడు బోల్టులు బిగించాడు.

కొక్కేలు పెట్టారు. సూది కొంచెం కదిలింది. ఆగింది. అతుకు లేని చోట ఎక్కడ నిలబడిందో సరిగ్గా అక్కడే. సాబ్ అద్దాన్ని వేలితో తట్టి చూశాడు, అది అక్కడినుంచి కదలలేదు. కాగితం రాశాడు. గుమాస్తా చదివి, మడిచి, జేబులో పెట్టుకొని, "మూట సర్దకు, పని సూస్కో," అని వెళ్లిపోయాడు.

సాబ్ నా వైపు తిరిగాడు. "నీ తమ్ముడని చిట్యాలలనే చెప్పుంటే నిన్ను తెచ్చేటోణ్ని కాదు."

"అందుకే చెప్పలే సాబ్."

దీపం పెట్టిన సాయంత్రం

రెండు రోజులు తమ్ముడి ఇంట్లో ఉన్నాను. పుంటికూర తిన్నాను, సీతాఫలాలు తిన్నాను, వాడి పెళ్లాంతో కడుపునిండా కబుర్లు చెప్పాను. మూడో రోజు పొద్దుగూకే వేళ కరెంటు ఇచ్చారు. ఇంజను డబడబమంది, యార్డులో ఏదో తుమ్మెద గుయ్యిమన్నట్టయింది, ఒక్కసారిగా దవాఖాన కిటికీలన్నీ పసుపుపచ్చగా వెలిగాయి. జనం కేకలు, ఈలలు. తమ్ముడు పిల్లవాడిలా ఎగురుతున్నాడు. ఒకామె అటు తిరిగి దండం పెట్టింది.

దవాఖాన దీపాలు ఎట్లున్నాయని మీరు అడుగుతారని నాకు తెలుసు. సరిగా చెప్పలేను. అందరూ దీపాల వైపు చూస్తున్నప్పుడు నేను కంచె పట్టుకొని ఆ మొదటి అతుకు వైపే చూస్తున్నాను, ఎర్రబడుతుందేమోనని. చీకటి పడేదాకా చూశాను. ఎర్రబడలేదు.

కంచెకు అవతలి కొసన ఇంకొకరు కూడా దీపాలకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. తెల్లగడ్డం. ఆయన కూడా ఆ అతుకునే చూస్తున్నాడు.